అలిపిరి మెట్లెక్కే గుండె

తిరుపతిలో అలిపిరి రోడ్డు పట్టుకుని కొండవైపు పోతుంటే మెట్లకంటే ముందు ఆసుపత్రులు ఎదురవుతాయి. ఎముకలకు బర్డ్, అన్నిటికీ స్విమ్స్, వీటికి తోడు 2021 అక్టోబరులో మొదలైన శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం. ఆ తర్వాత గరుడ సర్కిల్, తనిఖీ గేటు, పాదాల మండపం. శ్రీవారి పాదుకలు నెత్తిన పెట్టుకుని ఒక ప్రదక్షిణం, లగేజీ కౌంటరులో సంచుల అప్పగింత, తొలి మెట్టు మీద కర్పూరం. ఇక ముందున్నవి 3550 మెట్లు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అలిపిరి నుంచి లెక్కేస్తే నిలువుగా ఎక్కాల్సింది 650 మీటర్లకు అటూ ఇటూ.

ఈ దారి మహత్యం చెప్పేవాళ్లకు కొదవ లేదు. తలయేరు గుండు కథ, గాలిగోపురం కథ, మోకాళ్ల పర్వతం కథ ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ రాస్తున్నది మాత్రం మెట్టెక్కే మనిషి లోపల జరిగే సంగతి. పొలం పని చేసే పెద్దాయన, కంప్యూటరు ముందు తప్ప ఇంకెక్కడా కూర్చోని కుర్రాడు, మోకాళ్లకు కట్టు కట్టుకున్న అమ్మమ్మ, రెండేళ్ల కిందట స్టెంటు వేయించుకున్న మేనమామ... ఇన్ని రకాల గుండెలు ఏ పరీక్షా లేకుండా ఒకేసారి ఇంత శ్రమకు దిగే చోటు మన దగ్గర మరొకటి చూపించడం కష్టం.

మొదటి వంద మెట్లు

తొలి వంద మెట్లకే ప్రాణం విసుగెత్తుతుంది. రోజూ పార్కులో నడిచేవాళ్లకు కూడా అంతే. ‘ఇప్పుడే ఇట్లుంటే పైదాకా ఎట్లా?’ అని రెయిలింగు పట్టుకుని వెనక్కి చూసేవాళ్లు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. నిజానికి బెంగ పడాల్సిన చోటు అది కాదు. తొడ కండరం పని మొదలుపెట్టిన క్షణం నుంచే ఆక్సిజన్ అడుగుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఆ గిరాకీని అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు కండరం తనలో దాచుకున్న క్రియాటిన్ ఫాస్ఫేటును ఖర్చు పెడుతుంది. గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టుకుని, లాక్టిక్ ఆమ్లం మిగుల్చుకుంటుంది. కాళ్లు బరువెక్కడం, దమ్ము చాలనట్టు అనిపించడం అప్పుడే. మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా ఎక్కితే సరఫరా గిరాకీకి సరిపోతుంది, అదే నడక తేలికవుతుంది. వేగంగా మొదలుపెట్టి పంతానికి పోయినవాళ్లే తలయేరు గుండు దగ్గర కూలబడతారు. ఆ బండకు తల, మోకాళ్లు ఆనిస్తే నొప్పులు రావని నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, ఆ నెపంతో నిమిషం సేపు ఆగడం మాత్రం శరీరానికి కలిసొచ్చేదే.

కూర్చున్న మనిషి గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే నూరుసార్లు కొట్టుకునేది. కుడి కర్ణిక పైభాగంలో సైనో ఏట్రియల్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంది. విద్యుత్తు పుట్టేది అక్కడే, దాని సహజ వేగం నూరు. మెదడు నుంచి దిగే వేగస్ నాడి దాన్ని అణచి ఉంచడం వల్లే 70కి తగ్గి ఉంటుంది. గుండె మార్పిడి జరిగినవాళ్లలో ఈ నాడి తెగిపోతుంది కాబట్టి, ఊరికే కూర్చున్నా వాళ్ల గుండె వేగం నూరుకు దగ్గర్లోనే ఉంటుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే మెదడు చేసే మొదటి పని వేగస్ పట్టు సడలించడం. నూరు దాటాక సింపథెటిక్ నాడులు, అడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. వేగం పెరగడంతో పాటు ఒక్కో దెబ్బ బలం కూడా పెరుగుతుంది. విశ్రాంతిలో ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు 5 లీటర్లు పంపే గుండె, ఈ మెట్ల మీద 12, 15 లీటర్లు పంపుతుంది. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా 5 లీటర్లే. అంటే మీ రక్తం మొత్తం నిమిషానికి రెండు మూడుసార్లు గుండెలోంచి పోయి వస్తోందన్నమాట.

లెక్క వేస్తే

అరవై కిలోల మనిషి 650 మీటర్లు ఎక్కడానికి భౌతికశాస్త్రం లెక్కలో అయ్యే పని 90 కిలోకేలరీలే. కానీ కండరం వంద ఖర్చుపెడితే పనికొచ్చేది ఇరవయ్యో ఇరవై అయిదో, మిగతాదంతా వేడి. కనుక అసలు ఖర్చు 400 కిలోకేలరీల చిల్లర. లీటరు ఆక్సిజన్‌తో శరీరం రాబట్టేది 5 కిలోకేలరీలు. అంటే ఈ కొండ ఎక్కడానికి మామూలుగా కావలసినదానికి పైన 80 లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ ఉన్నదే అయిదోవంతు, పీల్చిన ఆ కాస్తలోనూ ఒంటికి పట్టేది మళ్లీ అయిదోవంతుకు కాస్త పైన. అలా చూస్తే అలిపిరి నుంచి పైదాకా ఒక మనిషి దాదాపు రెండు వేల లీటర్ల గాలి అదనంగా లోపలికి తీసుకుని బయటికి వదలాలి.

శ్రీవారి మెట్టు దారి పట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చంద్రగిరి వైపు నుంచి ఎక్కే ఆ దారిలో 2388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. దగ్గర దారి కదా అని మోకాళ్ల నొప్పులవాళ్లను అటు తీసుకుపోతుంటారు. అక్కడ మధ్యలో చదును తక్కువ, నిమిషానికి ఎక్కే ఎత్తు ఎక్కువ. గుండె చూసేది కిలోమీటర్లను కాదు, ఒక నిమిషంలో ఎంత బరువు ఎంత ఎత్తు లేచిందనే. అలిపిరి దారి పొడుగు కావడమే ముసలివాళ్లకు మేలు.

పెరిగిన రక్తం అందరికీ సమానంగా అందదు. విశ్రాంతిలో కండరాలకు దక్కేది మొత్తంలో అయిదోవంతు. మెట్లెక్కేటప్పుడు మూడింట రెండు వంతులు, అంతకంటే ఎక్కువ కూడా వాటికే పోతుంది. పేగులకు, మూత్రపిండాలకు కోత పడుతుంది. కొండెక్కబోతూ కడుపునిండా పూరీలు, పొంగలి లాగించి బయల్దేరినవాడి గుండెను అటు పేగులు, ఇటు తొడలు రెండువైపులా లాగుతాయి. ఎండ ఎక్కువైతే చర్మం కూడా తన వాటా అడుగుతుంది, ఒంట్లో వేడి పోగొట్టాల్సింది అదే మరి. చెమటలో నీళ్లు పోయి రక్తం తగ్గేకొద్దీ ఒక్కో దెబ్బకు వచ్చేది తగ్గుతుంది. అందుకని అదే వేగంతో నడుస్తున్నా గంట గడిచేసరికి నాడి పది పదిహేను పెరుగుతుంది. తిరుపతి ఎండల్లో తెల్లవారుజామునే ఎక్కమని పెద్దవాళ్లు చెప్పడంలో మర్మం ఇదే.

కాళ్లకు పంపిన రక్తం తిరిగి గుండెకు రావడం ఇంకో కథ. పాదాల నుంచి గుండె దాకా నిలువునా నాలుగడుగులు. గుండె తోపుడు అక్కడిదాకా వచ్చేసరికి దాదాపు కరిగిపోయి ఉంటుంది. పని చేసేది పిక్క. కాలు మోపినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరలను నొక్కుతుంది. సిరల్లో ఉన్న కవాటాలు రక్తాన్ని పైకే పోనిస్తాయి, కిందికి రానివ్వవు. విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు 1628లో రక్తం ఒంట్లో గుండ్రంగా తిరుగుతుందని పుస్తకం రాసి నిరూపించినప్పుడు, ఆయన చూపించిన సాక్ష్యాల్లో ఈ కవాటాలు ముఖ్యమైనవి. పాడువాలో ఆయన గురువు ఫాబ్రిషియస్ వాటిని చూసి బొమ్మలేసి కూడా, అవి ఎందుకున్నాయో పసిగట్టలేకపోయాడు. అలిపిరిలో మనం వేసే ప్రతి అడుగూ గుండెకు రక్తం తెచ్చి పెడుతోంది. పిక్కల సంగతి మరవకండి, దర్శనం క్యూ దగ్గర వాటితో పని పడుతుంది.

గోవిందా పరీక్ష

ఈ దారి మీద ఎవరూ కనిపెట్టకుండానే పుట్టిన ఆరోగ్య పరీక్ష ఒకటుంది. ‘ఏడుకొండలవాడా వెంకటరమణా’ అని ఒకరు అందుకుంటారు, ‘గోవిందా గోవింద’ అని గుంపు మొత్తం పలుకుతుంది. మాట గాలిని వదిలేటప్పుడే వస్తుంది. కాబట్టి పలికినంతసేపు ఊపిరి పీల్చడం ఆగుతుంది. శ్రమ మితంగా ఉంటే ఆ రెండు మూడు సెకన్లు ఆగినా శరీరం ఊరుకుంటుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే స్థాయికి శ్రమ చేరితే, రక్తం ఆ పులుపును కార్బన్ డయాక్సైడుగా మార్చి ఊపిరితిత్తులకు పంపుతుంది. దాన్ని బయటికి తోయడానికి ఊపిరి ఒక్కసారిగా జోరందుకుంటుంది. అప్పుడిక మాటకు వ్యవధి ఉండదు. ‘గోవిందా’ మధ్యలో తెగుతుంది. వ్యాయామ వైద్యులు దీన్నే మాట పరీక్ష అని వాడతారు. గోవిందనామం ఒక్క దమ్ములో పూర్తిగా వస్తోందా, మీ వేగం మీకు తగినదే. ‘గో...’ దగ్గరే రొప్పు వస్తోందా, ఆగాలి. బీపీకి అటెనోలోల్, మెటోప్రోలోల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది మరీ ఉపయోగం. ఆ మందు నాడిని పెరగనివ్వదు కాబట్టి మణికట్టు పట్టుకుని లెక్కబెట్టినా, చేతి గడియారం చూసుకున్నా మోసపోతారు. ఊపిరి మాత్రం అబద్ధం చెప్పదు.

ఆయాసం వస్తే రక్తంలో ఆక్సిజన్ పడిపోయిందని అనుకుంటాం. ఆరోగ్యవంతుడిలో అది దాదాపు ఎప్పుడూ నిజం కాదు. రొప్పుతున్నవాడి వేలికి ఆక్సీమీటరు పెట్టి చూడండి, 96, 97 చూపిస్తుంది. ఊపిరిని నడిపేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడు, రక్తంలో పులుపు, కదులుతున్న కండరాల నుంచి మెదడుకు చేరే కబురు. ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ గాలిగదులున్నాయి. వాటి గోడలన్నీ పరిస్తే 70 చదరపు మీటర్లు వస్తుంది. గాలికీ రక్తానికీ మధ్య పొర మందం మైక్రానులో సగం. ఎర్రకణం విశ్రాంతిలో ఆ పొర పక్కగా ముప్పావు సెకను ప్రయాణిస్తుంది. ఆక్సిజన్ నింపుకోవడానికి దానికి పావు సెకను చాలు. మెట్లెక్కుతూ ఎంత వేగంగా దాటినా ఇంకా కాస్త వెసులుబాటు మిగిలే ఉంటుంది.

ఊపిరితిత్తుల వైపు రక్తాన్ని నెట్టే కుడి జఠరిక పెద్దగా కష్టపడదు. ఒంటికి పంపే ఎడమ జఠరిక 120 పాదరస మిల్లీమీటర్ల ఒత్తిడి పెడితే, కుడిదానికి 25 చాలు. ఈ తేడా వల్లే పిల్లల గుండె ఆసుపత్రికి పని పడుతుంది. రెండు జఠరికల మధ్య గోడలో రంధ్రంతో పుట్టిన బిడ్డలో, ఒత్తిడి ఎక్కువున్న ఎడమ నుంచి కుడికి రక్తం దూకుతుంది. ఊపిరితిత్తుల్లోకి రావాల్సినదానికి రెండింతలు మూడింతలు రక్తం వచ్చి పడుతుంది. నెలల బిడ్డకు కొండెక్కడమంటే పాలు తాగడమే, దాని జీవితంలో అంతకంటే పెద్ద శ్రమ లేదు. రెండు గుక్కలు తాగి వదిలేస్తూ, నుదురు చెమర్చి, డొక్కలెగరేస్తూ ఊపిరి తీసే బిడ్డను చూసి ‘పాలు సరిగ్గా పట్టట్లేదు’ అని తల్లి చెప్పే మాటలోనే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది.

‘గ్యాస్ పట్టేసిందబ్బా’

గాలిగోపురం ఇంకా కనిపించని నిలువు మెట్ల దగ్గర రోజూ వినిపించే సంభాషణ ఇది.

‘ఏమైంది మామా, కూర్చుండిపోతివి?’

‘ఏం లేదబ్బా, గ్యాస్ పట్టేసింది. కొంచేపు కూర్చుంటే పోతాది.’

‘సోడా తెచ్చేదా?’

సోడా వస్తుంది. రెండు మూడు నిమిషాలకు బరువు దిగుతుంది. ‘చూస్తివా, గ్యాసే’ అని మామ లేస్తాడు. మరో యాభై మెట్లు ఎక్కేసరికి మళ్లీ అదే చోట, అదే పట్టు.

నన్నడిగితే, ఈ మొత్తం దారిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. గ్యాస్‌కు మెట్లతో లెక్క ఉండదు. నడిస్తే వచ్చి, ఆగితే పోయి, మళ్లీ నడిస్తే వచ్చే బరువుకు వైద్యంలో ఒకటే పేరుంది, యాంజైనా. కూర్చుంటే పోవడమే దాని ఆనవాలు. మనవాళ్లు మాత్రం కూర్చుంటే పోయింది కనుక గుండె కాదని తేల్చేసుకుంటారు. నొప్పి అని కూడా చాలామంది అనరు. పట్టేసినట్టు, బిగేసినట్టు, మంటగా, దవడ లాగినట్టు, ఎడమ చెయ్యి బరువెక్కినట్టు అంటారు. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి అదీ తెలియకపోవచ్చు. వాళ్లకు ఒట్టి ఆయాసమే కబురు.

ఎందుకిలా? గుండె కండరానికి కూడా రక్తం కావాలి. బృహద్ధమని మొదట్లోనే చీలే కరోనరీ ధమనులు దానికి నిమిషానికి పావు లీటరు అందిస్తాయి. తొడ కండరం విశ్రాంతిలో రక్తం నుంచి పావువంతు ఆక్సిజనే తీసుకుంటుంది. అవసరమైతే ఇంకా పిండుకోవడానికి మిగులు ఉంటుంది. గుండెకు ఆ మిగులు లేదు. ఊరికే కూర్చున్నప్పుడే అది అందిన ఆక్సిజన్‌లో 70 శాతం లాగేస్తుంది. ఎక్కువ కావాలంటే ఎక్కువ రక్తం రావాల్సిందే, నాలుగైదు రెట్లు. పైగా ఎడమ జఠరిక బిగిసినప్పుడు తన గోడలోని నాళాలను తానే నొక్కేసుకుంటుంది. అందరికీ వడ్డించి, పంక్తికీ పంక్తికీ మధ్య దొరికిన సందులో నాలుగు మెతుకులు తినే ఇల్లాలిలా, దెబ్బకూ దెబ్బకూ నడుమ సడలిన వేళలోనే అది తన రక్తం తాను తీసుకోవాలి. నాడి 70 ఉన్నప్పుడు ఆ విరామం అర సెకను. 150 దాటాక సెకనులో అయిదోవంతుకు పడిపోతుంది. అంటే ఎక్కువ కావలసిన వేళకే తీసుకునే వ్యవధి తగ్గుతుంది. నాళం శుభ్రంగా ఉంటే వెడల్పయి సర్దుకుంటుంది. లోపల కొవ్వు పేరుకుని 70 శాతం మూసుకుపోయి ఉంటే, సోఫాలో కూర్చున్న మనిషికి ఆ మిగిలిన సందు చాలు. అయిదు వందలవ మెట్టు మీద చాలదు. మామ ఇంటి దగ్గర బాగానే ఉన్నాడంటే కారణం ఇంతే.

మెట్లతో గుండెను పరీక్షించడం వైద్యానికి కొత్త కాదు. ఆర్థర్ మాస్టర్ అనే న్యూయార్క్ వైద్యుడు 1929లో చేసిన పని అదే. తొమ్మిదేసి అంగుళాల మెట్లు రెండు పెట్టి, రోగిని ఎక్కించి దించి నాడి, బీపీ చూసేవాడు. తర్వాత ఆ పరీక్షకు ఈసీజీ జతపడింది. ఇప్పుడు మన ఊళ్లలో టీఎంటీ అంటున్నది 1963లో సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ రూపొందించిన పద్ధతి. మూడు నిమిషాలకోసారి ట్రెడ్‌మిల్ వాలు, వేగం పెరుగుతాయి. పక్కన డాక్టరు, ఎదుట ఈసీజీ, చేతికందేలా ఆపే బటను. అలిపిరిలో అదే పరీక్ష బటను లేకుండా జరుగుతుంది. ఆపాల్సింది ఎక్కేవాడే. అతనేమో మొక్కు మధ్యలో ఆపకూడదనుకుంటాడు.

టీఎంటీ బాగుందని చెప్పగానే ధీమా కూడా పనికిరాదు. సగం కూడా మూసుకోని నాళంలో కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి వచ్చే గుండెపోటు చాలానే ఉంది. ఆ పగుళ్లకు అలవాటు లేని ఆకస్మిక శ్రమ ఒక కారణం. అదే శ్రమ అలవాటైన ఒంటికి అంత ముప్పు ఉండదు. కొండకు మొక్కుకున్నవాళ్లు నెలా రెండు నెలల ముందు నుంచి అపార్టుమెంటు మెట్లయినా ఎక్కుతూ ఉంటే అది ఏ మాత్రకూ తీసిపోదు. మూడో అంతస్తుకు ఆగకుండా ఎక్కలేనివాళ్లు 3550 మెట్లకు ముందు డాక్టరును కలవడం న్యాయం. ఉపవాసమని ఉదయం మాత్రలు మానేసి బయల్దేరేవాళ్లకూ, షుగరు మాత్ర వేసుకుని తిండి మానేసేవాళ్లకూ చెప్పేదేముంది, రెండోవాళ్లకు దారి మధ్యలో కళ్లు తిరుగుతాయి.

ఎత్తు మీద నేరం

2024 అక్టోబరులో టీటీడీ ఒక సూచన జారీ చేసింది. 60 ఏళ్లు దాటినవాళ్లు, షుగరు, బీపీ, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు నడిచి రాకపోవడం మంచిదని. మంచి సూచన. అందులో చెప్పిన కారణాల్లో ఒకటి తిరుమల ఎత్తున ఉంది కనుక ఆక్సిజన్ తక్కువ అని. ఇక్కడే నాకు పేచీ.

ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గడం నిజం. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్లుంటే తిరుమలలో 690కి కాస్త లోపు. గాలిగదుల్లో ఆక్సిజన్ ఒత్తిడి 100 నుంచి 85, 88కి దిగుతుంది. కానీ హిమోగ్లోబిన్ తీరు వేరు. ఆక్సిజన్ ఒత్తిడి 100 నుంచి 60కి పడేదాకా అది పట్టుకున్నదాన్ని పెద్దగా వదలదు, 97 శాతం నుంచి 90కి దిగుతుంది, అంతే. 60 కంటే కిందికి పోతేనే జారుడు. ఆ లెక్కన తిరుమలలో తగ్గేది ఒక శాతం, మహా అయితే రెండు. ఎత్తు జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటితే గానీ మొదలవదు. లేహ్‌లో, 3500 మీటర్ల మీద, విమానం దిగగానే తల పగిలిపోయేది అందుకు. తిరుమలలో బస్సు దిగినవాడికి అలా కాదు కదా. ఎత్తే కారణమైతే బస్సులో వచ్చినవాళ్లకూ ఆయాసం రావాలి.

పేచీ ఎందుకంటే, నేరం ఎత్తు మీదికి నెడితే అసలు ముద్దాయి తప్పించుకుంటాడు. ‘కొండ మీద గాలి పలచన, అందుకే ఆయాసం’ అని మామ సమాధానపడతాడు. ఒక్క శాతం ఆక్సిజన్ తేడాకు ఎవరి గుండే ఆగదు. ఆగేది మెట్టుకు, వేగానికి, మూసుకుపోయిన నాళానికి. ఉబ్బసం ఉన్నవాళ్ల తంటా కూడా ఎత్తుతో కాదు. నోటితో గబగబా పీల్చిన పొడిగాలి శ్వాసనాళాలను బిగిస్తుంది. వాళ్లకు గాలి పీల్చడం కంటే వదలడం కష్టం, లోపల నిలిచిపోయిన గాలి మీద మళ్లీ పీల్చాల్సి వస్తుంది. దానికి తోడు కర్పూరం పొగ. ఇన్‌హేలర్ లగేజీ కౌంటరులో ఇచ్చిన సంచిలో కాక జేబులో ఉండాలి.

1500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సాయం ఉంది. తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉంది. సోడా కొట్టుకంటే ముందు వాటి జాడ కనుక్కోవాలి.

గాలిగోపురం దాటాక

రెండు వేల పైచిలుకు మెట్లు గాలిగోపురంతో అయిపోతాయి. అక్కడ టీ, మజ్జిగ, కీరదోస ముక్కలు, అరుగుల మీద కాళ్లు చాపుకున్న జనం. ఆగిన తొలి నిమిషంలోనే నాడి ఎంత దిగిందో లెక్కబెట్టుకుంటే గుండె ఆరోగ్యం కొంత తెలుస్తుంది. వేగస్ మళ్లీ పట్టు బిగిస్తే 20, 30 తగ్గుతుంది. నిమిషంలో 12 కూడా తగ్గకపోతే అది మంచి కబురు కాదని 1999లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన తేల్చింది. అటెనోలోల్ లాంటి మాత్రలవాళ్లకు ఇదీ సరిగ్గా వర్తించదు.

ఇక్కణ్నుంచి దారి చాలావరకు చదును. జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి, నరసింహస్వామి గుడి. 2023 ఆగస్టులో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకున్నది ఈ ప్రాంతంలోనే. ఆ తర్వాత చేతికర్రలు ఇచ్చారు, పిల్లలను మధ్యాహ్నం దాటాక పంపడం మానేశారు. పెద్దవాళ్లకు ఆ కర్ర వేరే రకంగా కలిసొచ్చింది, మోకాలి మీది బరువు కొంత భుజానికి మళ్లింది.

చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిలువుగా లేస్తుంది. శేషాద్రిని కాలితో తొక్కకూడదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు. బాలుడు అన్నమయ్య ఆకలితో సొమ్మసిల్లినప్పుడు అలమేలుమంగమ్మ వచ్చి ప్రసాదం పెట్టిందన్న కథ కూడా ఇక్కడిదే. కాలేయంలో, కండరాల్లో దాచిన గ్లైకోజెన్ తరిగాక ఇంత తీపి నోట్లో పడితే పిల్లవాడు లేచి నడవడంలో వింత లేదు, పెట్టింది ఎవరన్నది భక్తుల విషయం. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చే ఆడవాళ్లు ఈ పాటికి నడుం పట్టేసి ఉంటారు. విచిత్రమేమంటే గుండెకు వాళ్ల పద్ధతే సుఖం, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతారు కాబట్టి. కాకపోతే వంగి లేచినప్పుడల్లా తలకు పోయే రక్తం ఒత్తిడి మారుతుంది. మెడలోని కరోటిడ్ సైనస్ దాన్ని పసిగట్టి నాడిని, నాళాలను సర్దుతుంది. వయసు మీరినవాళ్లలో ఆ సర్దుబాటు ఒక క్షణం ఆలస్యమవుతుంది, కళ్లు తిరిగేది ఆ క్షణంలోనే.

క్యూలో పడిపోయేవాళ్లు

కొండ ఎక్కేటప్పుడు కులాసాగా ఉండి, పైకి వచ్చి క్యూలో నిలబడ్డాక కూలిపోయేవాళ్లు ఉంటారు. జనం అలసట అనేస్తారు. జరిగేది పిక్కల పని ఆగిపోవడం. గంటలకొద్దీ శ్రమకు కాళ్లలో నాళాలు వెడల్పయి ఉంటాయి, చెమటకు రక్తం తగ్గి ఉంటుంది. కదలకుండా నిలబడితే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోనే ఆగుతుంది. గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది, తలకు పోయేది తగ్గుతుంది. ముందు చెమట, ఆవులింత, చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి. ఆ ఘడియలో పిక్కలు గట్టిగా బిగించి, మునివేళ్ల మీద లేచి దిగుతూ ఉంటే చాలాసార్లు తప్పిపోతుంది. తప్పకపోతే మనిషి పడతాడు. పడితే తల గుండెతో సమానమైన ఎత్తుకు వస్తుంది, రక్తం తలకు అందుతుంది, నిమిషం లోపే కళ్లు తెరుస్తాడు. పడిపోవడమే అతనికి వైద్యమైంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఆ వైద్యాన్నే చెడగొడతారు. ‘లేపండి, కూర్చోబెట్టండి, నీళ్లు పట్టండి’ అని రెక్క పట్టుకుని నిలబెడతారు. నిలబెట్టిన మనిషి మళ్లీ పడతాడు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద సంచో దుప్పటో పెట్టి ఎత్తులో ఉంచి, చుట్టూ మూగినవాళ్లను పక్కకు జరిపితే చాలు. పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆగిపోయో, ఎగశ్వాసగానో ఉంటే మాత్రం అది సొమ్మ కాదు, గుండె ఆగడం. అప్పుడు ఒకరు సిబ్బంది కోసం పరుగెత్తాలి, ఇంకొకరు ఛాతీ నడిబొడ్డున రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, అయిదు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. మెట్ల మీద పడితే ముందు చదునుకు చేర్చాలి, వాలులో నొక్కడం కుదరదు. ఎవరైనా వచ్చి అందుకునేదాకా చేతులు ఆగకూడదు.